కన్నియమ్మాళ్ పీకిన మొక్కలు

కన్నియమ్మాళ్ కోపం లేకుండా పనిచేయడం ఆ తోటలో ఎవరూ చూడలేదు. నీళ్లకుండ బరువుగా ఉంటే కోపం, తేలికగా ఉంటే అడుగున చిల్లి పడిందేమోనని కోపం. సముద్రపుగాలి వీస్తే ఇసుక కళ్లలో పడుతుందని తిట్టేది, ఆగిపోతే ఒళ్లంతా చెమటలని తిట్టేది. మేస్త్రి తిరుమలై పొద్దున్నే వచ్చి తడిక దగ్గర ఆగి చెవి ఒగ్గేవాడు. ఆమె గొంతు వినబడిందంటే పని మొదలైనట్టే లెక్క.

"ఏంది మేస్త్రీ, ఆడ నిలబడి వింటా ఉండావు? నేనేమన్నా పాటకచేరీ పెట్టినానా?" అనేది.

"టిక్కెట్టు లేని కచేరీ గదా, పోనిస్తే ఎట్లా," అనేవాడతను.

అది పూలతోట కాదు, నారుతోట. వైతికుప్పం దాటి కాలాపేట వైపు పోయే బండ్లబాట పక్కన, కట్టెల వ్యాపారి వెంకటకృష్ణయ్య శెట్టి గుత్తకు తీసుకున్న ఇసుకనేల. అక్కడ సరుగుడు నారు పోసి, కాస్త ఎదిగాక కాలాపేట దిబ్బల్లో నాటించేవాడు. పుదుచ్చేరి తెలుగువాళ్లు సరుగుడును అరవవాళ్లలాగే సవుకు అంటారు. 1911 ప్రాంతం. ఊరు ఫ్రెంచివాళ్లది, నూలుమిల్లులు పగలూ రాత్రీ పొగ వదులుతున్నాయి. బాయిలర్లకూ సవుకే, ఇళ్ల పొయ్యిలకూ సవుకే, చివరికి శ్మశానానికీ సవుకే. శెట్టిగారికి గిరాకీ లోటు లేదు. చెట్టు పెరగడమే ఆలస్యం.

ఆ నేలలో ఎరువు వేయకుండా ఏదీ మొలవదు. ఎరువంటే మేకపెంట. మేకలు తుమ్మకాయలు తింటాయి, గింజలు అరగవు, పెంటతోపాటు మళ్లలోకి వచ్చి నారు కంటే ముందు అవే మొలుస్తాయి. పక్షి ఈకలాంటి చిన్న ఆకు, దాని మొదట్లో జంట ముళ్లు. ముళ్లు గట్టిపడ్డాక పీకితే వేళ్లు పుళ్లవుతాయి. అందుకే తుమ్మను ఈక పూర్తిగా విప్పకముందే లాగేయాలి. ఈ పనిలో కన్నియమ్మాళ్‌కు సాటి లేదు. మడి గట్టున గొంతుకూర్చుని, నోటితో ఎవరినో ఒకరిని తిడుతూ, రెండు వేళ్లతో లాగి భుజం మీదుగా వెనక్కి విసిరేది. సవుకు మొలక ఒక్కటి పోయేది కాదు, తుమ్మ మొలక ఒక్కటి మిగిలేది కాదు.

ఆమె తోడికోడలు అంబుజం అదే తోటలో విత్తనం వేసే మనిషి. ముత్యాలపేటలో ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. కన్నియమ్మాళ్ భర్త అళగేశన్ మిల్లులో పనిచేసేవాడు. అతని తమ్ముడు, అంబుజం భర్త చిన్నదురై, సైగాన్‌లో సిపాయిల బారకాసులో వంటవాడు. రెండేళ్లకోసారి వచ్చిపోయేవాడు.

అంబుజం చేతికి వీధిలో పేరుంది. పెళ్లింట్లో పాలికలు పెట్టేటప్పుడు, పుట్టమన్ను నింపిన మట్టిమూకుళ్లలో, పాలలో నానిన నవధాన్యాలు మొదట చల్లేది ఆమే. ఆ మొలకలు ఏపుగా వస్తే కొత్తజంట కాపురం అలాగే ఉంటుందని నమ్మకం. వడలిపోతే చల్లిన చేతిని అంటారు. అంబుజం చల్లినవి ఎన్నడూ వడలలేదు. పెళ్లిళ్ల కాలంలో ఆమెను పిలవడానికి తమలపాకులు పట్టుకొని ఇంటికి వచ్చేవాళ్లు. తలుపు తీసేది కన్నియమ్మాళ్.

"లోపలుండాది మహారాణి, పోండి," అనేది. వాళ్లు వెళ్లాక అంబుజంతో, "నువ్వు చల్లిన చోటంతా కలుపు తీసేది నేను. నన్నెవరన్నా ఆకూవక్కా పెట్టి పిలిచినారా?" అనేది.

"కలుపు తియ్యను పెళ్లికి పిలుస్తారా అక్కా?" అని అంబుజం నవ్వేది. ఆ నవ్వుకు కన్నియమ్మాళ్‌కు ఇంకా మండేది.

ఆ ఏడు ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, శెట్టిగారు ఒక గుడ్డసంచి, కాగితాల మధ్య అదిమిన ఎండురెమ్మ ఒకటి పట్టుకొని తోటకు వచ్చాడు. కొళంబో రేవులో ఒక స్టీమరు దొర ఇచ్చాడట. ఆస్ట్రేలియాలో సముద్రం ఒడ్డున ఇసుకలో అడవులుగా పెరిగే చెట్టట. సవుకు కంటే ముందే కోతకు వస్తుందట. శెట్టిగారు అప్పటికే బజారంతా చెప్పుకున్నాడు, నలుగురు దొరల దగ్గర కూడా చెప్పుకున్నాడు.

పనివాళ్లందరినీ పిలిచి రెమ్మ చూపించాడు. కొడవలిలా వంగిన పొడుగాటి ఆకులు, చెవిలా మెలితిరిగి చుట్టుకున్న కాయలు. కాయ విప్పితే నల్లగా మెరిసే గింజ, గింజకు నారింజరంగు దారం.

"కళ్లు తెరుచుకొని చూసుకోండి. మళ్లలో ఈ ఆకు కనబడిన రోజు నాకు కబురంపండి. ఇది కానిది ఏది మొలిచినా ఉంచొద్దు."

అందరూ దూరం నుంచి చూశారు. కన్నియమ్మాళ్ ఒక్కతే వంగి, ముక్కు తగిలేంత దగ్గరగా చూసింది. "ఈనెలు సూడు మేస్త్రీ. మామిడాకు మాదిరి నడుమ ఒక ఈనె, పక్కలకు చీలికలు, అట్ల లేదు. వెదురాకు మాదిరి అన్నీ నిలువుగా పోతా ఉండాయి," అంది.

"ఆకు నీకు తెలిసిపోయింది. ఇంక భయం లేదు," అన్నాడు శెట్టిగారు.

ఆ గింజల పెంకు రాయిలాంటిది. మరిగిన నీళ్లు పోసి చల్లారేదాకా నానబెట్టాలని స్టీమరు దొర చెప్పాడట. విత్తనానికి ఉడుకునీళ్లా అని అంబుజం కాసేపు వెనకాడింది. శెట్టిగారు కసిరాక అండాలో గింజలు పోసి, పొయ్యి మీంచి దించిన నీళ్లు ఒంపింది.

"ఏమే, గింజల రసం పెడతా ఉండావా? కాస్త చింతపండు వెయ్," అంది కన్నియమ్మాళ్. ఆడవాళ్లంతా నవ్వారు. అంబుజం కూడా నవ్వింది.

మర్నాడు తేలిన గింజలను పొల్లని ఏరి బావి కాలవ పక్కన పారబోసింది. మునిగినవాటిని మళ్లలో వరసగా వేసి, పైన పెంట చల్లి, నీళ్లు పెట్టింది.

వారం తిరిగేసరికి మళ్లు పచ్చబడ్డాయి. మడి నిండా ఈకాకులు. కన్నియమ్మాళ్ చూడగానే పెంట తోలిన మేకలవాణ్ణి తిట్టడం అందుకుంది. వాడి మేకలు తుమ్మకాయలు తప్ప ఈ ఏడు ఇంకేమీ తిన్నట్టు లేదంది. గట్టున కూర్చుని పీకడం మొదలుపెట్టింది.

అంబుజం నీళ్లకుండ దించి చూసింది. "అక్కా, ఇంత తుమ్మ ఎన్నడన్నా సూసినామా? ఇదంతా నేను వేసిన వరసల్లోనే ఉండాది. రెండురోజులు ఆగి సూద్దాం."

"ఆగితే ముళ్లు గుచ్చుకునేది నీ చేతికా, నా చేతికా?"

"అది కాదక్కా…"

"శెట్టి చెప్పింది నీకు ఇనబడలేదా? ఆ ఆకు కానిది ఏది మొలిచినా ఉంచొద్దన్నాడు. ఇది ఆ ఆకేనా? సెప్పు. నీ కంటికి అట్లే కనబడతా ఉండాదా?"

అంబుజం మళ్లీ చూసింది. ఆ ఆకు కాదు. ఈకాకే, ఏ కంపలోనైనా కనబడేదే. కుండ ఎత్తుకొని వెళ్లిపోయింది. కన్నియమ్మాళ్ ఆ రోజూ, ఆ మర్నాడూ, కొత్తవి మొలిచినప్పుడల్లా పీకింది. కుప్ప పోసిన మొలకలను తిరుమలై మేకలకు వేయించాడు. చివరికి మళ్లు నున్నగా, గుండు గీసినట్టు మిగిలాయి. ఆమె వాటివైపు తృప్తిగా చూసుకుంది. ఇంక ఆ కొడవలాకు రావడమే తరువాయి.

కొడవలాకు రాలేదు.

ఆడి పోయి, తర్వాతి నెల ఆవణి సగం పోయాక శెట్టిగారు వచ్చాడు. ఖాళీ మళ్ల చుట్టూ తిరిగాడు. ఒకచోట కర్రతో మట్టి కెలికి చూశాడు, గింజ పెంకులు తప్ప ఏమీ లేవు. దొరలు ఎదురుపడి నీ ఆస్ట్రేలియా చెట్టేదని అడుగుతున్నారని తిరుమలై మీద అరిచాడు. ఎవరు చేశారో చెప్పమన్నాడు. ఎవరో వెనక నుంచి, కలుపు తీసినవాళ్లు లాగేశారేమో అన్నారు.

ఆ మాట వినగానే కన్నియమ్మాళ్ లేచి నిలబడింది. తన చేతిని ఎవరైనా తప్పుపడితే ఆమె ఎప్పుడూ ఊరుకోలేదు.

"నేనా? నా చేతిలో ఒక్క సవుకు మొలక పోయిందా ఇన్నేళ్లలో? ఆకు సూసుకొని పీకేదాన్ని నేను. మీ ఆకు మొలిస్తే గదా శెట్టిగారూ నేను పీకను? ఆ మడిలో ఆ ఆకు మొలకే లేదు. అడగాల్సింది ఉడుకునీళ్లు పోసినదాన్ని. రసం కాచినట్టు కాచింది. మొలవలేదు. దాని చేతిలోనే పోయినాయి."

అంబుజం ఎదురుగానే ఉంది. తోడికోడలు తన వైపు వేలు చూపించడం ఆమె అంతకుముందు ఎన్నోసార్లు చూసింది గాని, అది ఇంటిలో. ఆమె శెట్టిగారితో, "మీరే గదయ్యా పొయ్యమన్నారు," అని మాత్రం అంది.

"పొయ్యమన్నాను. ఉడకబెట్టమన్నానా?" అన్నాడు శెట్టిగారు. రేపటి నుంచి రావద్దన్నాడు.

మాట తోటలో ఆగలేదు. నీళ్లపంపు దగ్గర 'గింజల రసం' అని నవ్వుకున్నారు. నవ్వు పోయాక మిగిలింది రెండోమాట: దాని చేతిలోనే పోయినాయి. సొంత తోడికోడలు నలుగురిలో అన్న మాట, అబద్ధం ఎందుకవుతుంది అనుకున్నారు. ఆవణి ముగిసేలోపు ఆ వీధిలో రెండు పెళ్లిళ్లు జరిగాయి. తమలపాకులతో ఎవరూ తలుపు తట్టలేదు. రెండో పెళ్లికి అంబుజం తనే వెళ్లి పాలికల దగ్గర కూర్చోబోతే, అలాంటి పనులన్నీ చేయించే పెద్దావిడ మారియమ్మ, "నువ్వు ఆ పక్క కూసోమ్మా, ఎండ తగలదు," అంది. పందిట్లో ఎండ లేదు.

ఆ సాయంత్రం ఇంట్లో అంబుజం పాలు తోడు పెడుతుంటే కన్నియమ్మాళ్ అలవాటుగా, "సరిగా పెట్టు, అది కూడా పాడయ్యేను," అంది. ఎప్పుడూ అనే మాటే. అంబుజం గిన్నె కింద పెట్టి, రెండు చీరలు మూట కట్టుకొని, గోరిమేడులో ఉన్న తల్లి దగ్గరికి వెళ్లిపోయింది. అక్కడ ఎర్రమట్టి తవ్వేచోట తట్టలు మోసే పనిలో చేరింది. అళగేశన్ రెండుసార్లు వెళ్లి పిలిచి వచ్చాడు. మూడోసారి పొమ్మంటే, "పంపినదానివి నువ్వు, నువ్వే పో," అన్నాడు. అంత మాట అతను పెళ్లయినప్పటి నుంచి అనలేదు. కన్నియమ్మాళ్ ఆ రాత్రి అన్నం వండలేదు.

వానలు వచ్చి వెళ్లాయి. మార్గళి చివర్లో, సంక్రాంతికి ముందు, బావి కాలవ పూడుకుపోయిందని తిరుమలై కన్నియమ్మాళ్‌ను శుభ్రం చేయమన్నాడు. కాలవ పక్కన గడ్డిలో ఐదు మొక్కలు మొలిచి ఉన్నాయి, మోకాలెత్తువి. కింద ఈకాకులు కనబడ్డాయి.

"ఈడ కూడానా, ముదనష్టపు తుమ్మ," అంది. ఇంత పెరిగినదానికి ముళ్లు గట్టిపడి ఉంటాయని చేతికి గుడ్డ చుట్టుకుంది. మొదలు పట్టుకొని బిగించింది. ఏమీ గుచ్చుకోలేదు. గుడ్డ విప్పి చూసింది. వేళ్లతో కాడ వెంట పైకీ కిందికీ తడిమింది. ఎక్కడా ముల్లు లేదు.

అప్పుడు వంగి చూసింది. అడుగున రెండు మూడు ఈకాకులు, తుమ్మాకులే. వాటి పైనున్న ఆకు మాత్రం వేరుగా ఉంది. ఈకను మోసే కాడ పలచగా, వెడల్పుగా, రిబ్బనులా పరుచుకొని, దాని కొసన ఈక వేలాడుతోంది. ఇంకొంచెం పైన కాడ ఇంకా వెడల్పయింది, ఈక చిన్నబోయింది. కొమ్మ చివర ఈకే లేదు. కాడ ఒక్కటే, కొడవలిలా వంగి, నిలువు ఈనెలతో ఆకులాగా నిలబడింది. శెట్టిగారి రెమ్మకు ఉన్నవి ఆకులే కావు, వెడల్పైన కాడలు. పసితనంలో ఈకాకు వేసి, ఎదిగేకొద్దీ దాన్ని వదిలేసే చెట్టు అది. తుమ్మకు దూరదేశపు దాయాది, ముళ్లు మాత్రం లేవు. ఒకే మొక్కమీద మొదటినుంచి చివరిదాకా అంతా వరసగా రాసిపెట్టినట్టు ఉంది.

కన్నియమ్మాళ్ తడి కాలవలోనే కూర్చుండిపోయింది. ఇక్కడ పోసినవి పొల్లు గింజలు. ఆ ఉడుకునీళ్లలో నానినవే. ఇవే బతికాయి. నీళ్లలో మునిగిన మంచి గింజలు మళ్లలో మొలవకపోవడమేమిటి? మొలిచాయి. మడి నిండా, వరసల్లో మొలిచాయి. రెండురోజులు ఆగుదామని ఒకరు చెప్పారు కూడా.

"మేస్త్రీ," అని అరిచింది. తిరుమలై పరుగెత్తుకొచ్చాడు, పాము కరిచిందనుకొని. ఆమె మొక్క చూపించింది. అతను చాలాసేపు చూసి తల గోక్కున్నాడు.

"అయితే మనం మేకలకు వేసింది…"

"మనం కాదు. నేను పీకింది. సరిగా సెప్పు."

ఆ మధ్యాహ్నమే ఒక కొమ్మ తుంచుకొని బజారులో శెట్టిగారి కట్టెల అడితికి వెళ్లింది. రెమ్మను తెమ్మని, రెండూ పక్కపక్కన పెట్టింది. వంపు అదే, ఈనెలు అవే. వెంకటకృష్ణయ్య ముఖం విప్పారింది.

"ఎన్నుండాయి?"

"ఐదు."

"చుట్టూ కంప కొట్టించు. ఒక్కటి పోకూడదు. దొరలకు చూపించాలి."

"అది సరే శెట్టిగారూ. మీరు ఒకసారి మా వీధికి రావాల. విత్తనాలు ఉడకలేదని, అంబుజం చేతిలో పోలేదని, నలుగురిలో ఒక్కమాట సెప్పాల."

శెట్టిగారు నవ్వాడు. "మీ ఆడోళ్ల పాలికల గొడవకు నేను సాక్ష్యమా? ఆ పిల్లను పన్లోకి రమ్మను, చాలు."

"పని కాదయ్యా అదిప్పుడు అడిగేది. దాని చెయ్యి చెడ్డదని వీధంతా అంటా ఉండారు."

"అన్నది నువ్వు. ఇదిగో సూడు, మొక్కలన్నీ పీకింది నువ్వని బయటపడితే నిన్ను ఉంచుకోవడం నాకు నామోషీ. ఊరుకుంటే నీకూ మంచిది, నాకూ మంచిది."

"ఇది కానిది ఏది మొలిచినా ఉంచొద్దన్నది ఎవరు?"

"గొంతు తగ్గించు."

"తగ్గించను," అంది కన్నియమ్మాళ్. ఆ గొంతుకు ఎదురు కొట్టులోవాళ్లు కూడా బయటికి వచ్చి చూశారు. "మీకు తెలియదు, నాకు తెలియదు, అంతవరకు ఇద్దరం ఒకటే. తెలిసినాక కూడా నోరు మూసుకొంటే మీరు వేరే, నేను వేరే."

అక్కడి నుంచి గోరిమేడుకు నడిచింది. ఎండ దిగుతోంది. మట్టి తవ్వే గుంట అంచున అంబుజం తట్ట దించి, తలమీది చుట్టకుదురు సర్దుకుంటోంది. చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. కన్నియమ్మాళ్ ఏ పలకరింపూ లేకుండా కొమ్మ ముందుకు చాపింది. జరిగింది చెప్పింది. చెబుతున్నంతసేపూ ఎవరినో తిడుతున్నట్టే ఉంది ఆమె గొంతు.

అంబుజం కొమ్మ తీసుకోలేదు. "అయితే మొలిచినాయి," అంది.

"మొలిచినాయి."

"నాకు తెలుసు మొలుస్తాయని. ఆ నీళ్లు చల్లారినాక గింజలు ఉబ్బినాయి. ఉడికితే మెత్తబడతాయి. నాకు తెలియదా?"

"తెలిస్తే అప్పుడే ఎందుకు సెప్పలేదే?"

"నువ్వు సెప్పనిచ్చినావా? నువ్వు అరస్తా ఉంటే ఎదురుగా ఎవరన్నా సెప్పినారా ఎన్నడన్నా?" ఆమె తట్ట ఎత్తుకుంది. "పీకినందుకు నాకు కోపం లేదక్కా. తెలియక పీకినావు. ఆ మాట అన్నావే, దానికి. ఇప్పుడు ఈ గుంటలో నా ఒక్కదాని చెవిలో సెప్పి పోతే ఏంది లాభం? అందరి ముందర అన్నావు. సెప్పితే అందరి ముందర సెప్పు."

"సెప్తా," అంది కన్నియమ్మాళ్. "సెప్పనని అన్నానా?"

సంక్రాంతి వెళ్లాక తై నెలలో వీధిలో శివగామి కూతురి పెళ్లి వచ్చింది. పాలికలు పెట్టే రోజు పొద్దున కన్నియమ్మాళ్ తోటకు వెళ్లి, కంప తీసి, ఐదు మొక్కల్లో ఒకదాన్ని వేర్లమట్టితో సహా పెళ్లగించి కుండలో పెట్టుకుంది. తిరుమలై అడ్డంగా వచ్చాడు.

"ఇది తీసుకుపోతే శెట్టి నిన్ను పన్లోంచి తీసేస్తాడు."

"తీసెయ్యమను. తప్పుకో."

పందిట్లో మూకుళ్లు సిద్ధంగా ఉన్నాయి. పాలలో నవధాన్యాలు నానుతున్నాయి. మారియమ్మ ముత్తైదువలను వరసగా కూర్చోబెడుతోంది. కన్నియమ్మాళ్ కుండను తెచ్చి మూకుళ్ల మధ్య దించింది.

"ఏందిది?" అంది మారియమ్మ.

"మొక్క."

"కంటికి కనబడతా ఉండాదిలే. ఇక్కడెందుకు?"

కన్నియమ్మాళ్ చెప్పింది. మడి నిండా మొలిచిన సంగతి, ఆగమన్నా ఆగకుండా పీకిన సంగతి, తన చేతిమీదికి మాట వస్తుందని అంబుజం మీదికి తోసిన సంగతి. ఈ చివరిది ఆమె శెట్టిగారికి చెప్పలేదు, తిరుమలైకి చెప్పలేదు, గోరిమేడులో కూడా చెప్పలేదు. ఈకాకు, వెడల్పైన కాడ, కొడవలాకు ఒక్కొక్కటీ వేలు పెట్టి చూపించింది. ఆడవాళ్లు మెడలు చాచి చూశారు.

మారియమ్మ తమలపాకు నములుతూ విన్నది. "నీళ్లకు పోయినాయో, నువ్వు పీకితే పోయినాయో, మాకెందుకమ్మా? అది చల్లింది నిలవలేదు. అంతే గదా. చెయ్యి మంచిదయితే నీలాంటిది అడ్డం పడుతుందా?"

ఒకరిద్దరు తలలూపారు. శివగామి, పెళ్లికూతురి తల్లి, ఎటు మొగ్గాలో తెలియక చీరకొంగు నలుపుతోంది.

"నిలవలేదా?" కన్నియమ్మాళ్ గొంతు పందిరి దాటింది. "ఇదేంది మరి? పొల్లని అది పారబోసిన గింజ ఇది. ఏరి వేసింది కాదు, నీళ్లు పోసింది కాదు, ఒక్కరు సూసింది కాదు. పనికిరాదని పారేసినవి కూడా మోకాలెత్తు పెరిగినాయి. అంతకంటే మంచి చెయ్యి ఈ వీధిలో యాడుండాదో సూపించు మారియమ్మత్తా. నీదా? మొన్న నువ్వు చల్లిన పాలికలు మూడోనాటికి పసుపుపచ్చగా తిరిగినాయే, ఆ చెయ్యా?"

ఎవరో కిసుక్కుమన్నారు. మారియమ్మ నమలడం ఆపింది. శివగామి లేచి, కొడుకును పిలిచి, జట్కా తీసుకొని గోరిమేడుకు పొమ్మంది. తమలపాకులు మరిచిపోవద్దని వెనక నుంచి కేకవేసింది.

అంబుజం వచ్చేసరికి ఎండ నడినెత్తికెక్కింది. కాళ్లకు ఎర్రమట్టి ఉంది. వాకిట్లో కాళ్లూ చేతులూ కడుక్కుంది. మూకుళ్ల ముందు కూర్చుని, పిడికిట గింజలు తీసి, ఎప్పటిలాగే చల్లింది. పక్కనున్న కుండను చూసింది గాని, దాన్ని తెచ్చినదాని వైపు చూడలేదు. నీళ్లచెంబు కన్నియమ్మాళ్ అందించబోతే, "శివగామక్కా, నీళ్లియ్యి," అంది.

కన్నియమ్మాళ్ చెంబు ఠక్కున కింద పెట్టింది. అంత నడిచి, అంత అరిచి, పని పోగొట్టుకొని తెస్తే, ఈ పొగరేంటని ఆమె ఒళ్లు మండింది. అప్పటికే తిరుమలై వచ్చి చెప్పిపోయాడు, శెట్టిగారు తోట గడప తొక్కొద్దన్నాడని.

భోజనాలకు వడ్డించేవాళ్లు తక్కువైతే కన్నియమ్మాళే అన్నం గంప అందుకుంది. వరసలో అంబుజం విస్తరి ముందుకొచ్చి ఆగింది.

"తిన్నాక ఇంటికి వస్తావా?"

"రాను. మా అమ్మకాడే ఉంటా."

"నీ ఇష్టం. అన్నం కావాల్నా?"

"వెయ్."

కన్నియమ్మాళ్ వేసింది. అంబుజం చెయ్యి అడ్డం పెట్టలేదు, చాలనీ అనలేదు. ఇంకోసారి వేసింది. ఇంకోసారి. ఆకులో ఉన్న పప్పు ఒలికి అంచు దాటింది, పక్కవిస్తరి ఆవిడ కాళ్లు వెనక్కి లాక్కుంది.

"చాలనవేమే? నోరు పడిపోయిందా?"

"నీ అంతట నువ్వు ఆపుతావేమోనని సూస్తా ఉండా," అంది అంబుజం.

కన్నియమ్మాళ్ గరిటె గంపలో విసిరి పక్కవిస్తరికి జరిగింది. అక్కడున్న ఆవిడ ఏమీ అనకముందే, "నీకెంత కావాలో ముందే సెప్పు," అని గదిమింది.